నేను వేసిన కొర్రీ

దాదాపు ముప్పై ఏళ్లుగా నేను కాగితాలు వెనక్కి పంపి జీతం తీసుకుంటున్నాను. ఎగతాళికి చెప్పడం లేదు. చిత్తూరులో వైద్యశాఖకు చెందిన ఒక ఆఫీసులో నా ఉద్యోగం అక్షరాలా అదే. కింది ఆసుపత్రుల నుంచి ఫైలు వస్తుంది. నేను చదువుతాను. అందులో ఏదో ఒక లోపం ఉంటుంది, లోపం లేని ఫైలు రాయడం బ్రహ్మతరం కూడా కాదు. ఆ లోపాన్ని పట్టుకుని రెండు వరుసలు రాసి, చివర "స్పష్టత కోరవచ్చు" అని పెట్టి, అధికారితో సంతకం చేయించి, వచ్చిన దారినే తిప్పి పంపుతాను. దీన్నే కొర్రీ వేయడం అంటారు.

ఈ విద్యలో నాకు పేరుంది. ఏ అధికారి వచ్చినా నెల తిరక్కుండానే "ఆయన కంట్లో పడకుండా దోమ కూడా పోదప్పా" అని నా గురించి అనేవాడు. ఆ మాట విన్న రోజు ఇంటికి పోయి నా భార్యకు చెప్పుకునేవాణ్ని. "అయితే దోమల మందు కొట్టే పని కూడా మీకే ఇమ్మనండి" అనేది ఆమె. నాకు చిర్రెత్తుకొచ్చేది. మెప్పు పంచుకోవడం చేతకాని మనిషి అనుకునేవాణ్ని.

ఇన్నేళ్లలో మా శాఖను ఎన్నిసార్లు బాగుచేశారో నేను చెప్పలేను. సంస్కరణ అనే మాటను నేను టైపు చేసినన్ని సార్లు మా ఇంట్లో ఉప్పు అనే మాట కూడా అని ఉండను. ఆసుపత్రుల బోర్డుల మీద పేర్లు మారాయి, గోడలకు రంగులు మారాయి. చీటీలు పోయి కార్డులు వచ్చాయి, కార్డులు పోయి ఫోనులో గళ్లు గళ్లుగా ఉండే బొమ్మలు వచ్చాయి. లోపల సూది వేసే నర్సమ్మ మాత్రం అదే మనిషి. ఆమెకు తోడుగా ఇంకొకరిని వేయమని అడిగే కాగితం కూడా అదే కాగితం, ఏటా కొత్త తేదీతో వచ్చేది.

వాటిలో ఒక సంస్కరణ గురించి ఇక్కడ చెప్పకపోతే ముందుకు సాగదు. ఏ ఫైలూ ఒకరి బల్ల మీద ఏడు రోజులకు మించి ఉండకూడదని ఒక నియమం పెట్టారు. ప్రతి నెలా సమావేశంలో గోడ మీద తెర దించి, ఎవరి దగ్గర ఎన్ని ఫైళ్లు ఆగాయో ఎర్ర అంకెల్లో చూపించేవాళ్లు. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, పనులు త్వరగా జరగాలని. మేమేం నేర్చుకున్నామంటే, ఆరో రోజున కొర్రీ వేయడం నేర్చుకున్నాం. కొర్రీ వేసిన మరుక్షణం ఫైలు నా పేరు మీద నుంచి పోయి కిందివాడి పేరు మీదికి చేరుతుంది. నా పేరు పక్కన ఎప్పుడూ సున్నా ఉండేది. ఆ సున్నాకు ఒకసారి చప్పట్లు కూడా కొట్టారు, నేను లేచి దండం పెట్టాను.

మా జిల్లా చీలిన ఏడాది ఆ ఫైలు నా దగ్గరికి వచ్చింది. నగరి వైపు ఒక చిన్న ఊరి ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాలు మంజూరయ్యాయి. మూత్రపిండాలు చెడినవాళ్ల రక్తాన్ని శుభ్రం చేసే యంత్రాలవి. వాటికి మామూలు నీళ్లు పనికిరావు, బాగా వడకట్టిన నీళ్లు కావాలి. అది మగ్గాల ఊరు, అద్దకాల ఊరు, అక్కడి బోరు నీళ్లు ఎట్లుంటాయో నాకు తెలుసు, నేను పుట్టింది ఆ ఊళ్లోనే. అందుకని నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు ఒకటి కట్టడానికి అంచనా వేసి పంపారు. కొలతలు సరిగ్గా ఉన్నాయి, పటం ఉంది, సంతకాలు ఉన్నాయి. అయిదు రోజులు నా బల్ల మీద ఉంది. ఆరో రోజు దాన్ని మళ్లీ తిరగేశాను. అంచనా వేసిన ఇంజనీరు ఆఫీసు ఉన్న ఊరు, జిల్లాలు చీలాక తిరుపతి వైపు పోయింది. ఆసుపత్రి మాత్రం చిత్తూరులోనే మిగిలింది. నాకు దోమ దొరికింది.

"అంచనా తయారుచేసిన కార్యాలయం ప్రస్తుతం వేరే జిల్లా పరిధిలో ఉన్నందున, సదరు అంచనా చెల్లుబాటుపై స్పష్టత కోరవచ్చు" అని రాశాను. అధికారి చదివి, తల ఊపి, సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం నేను టీ తాగి, ఒక సమోసా తిని, సంతోషంగా ఉన్నట్టు నాకు గుర్తు. అప్పటికి మా అక్క ఆరోగ్యంగా ఉంది, లేదా ఆరోగ్యంగా ఉందని మేమనుకుంటున్నాం.

అక్క గురించి చెప్పాలి. మాది నేత ఇల్లు. అమ్మ పోయినప్పుడు నేను ఆరో తరగతిలో ఉన్నాను, అక్క బడి మానేసి ఏడాదయింది. నాయన మగ్గం మీద ఉంటే అక్క రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చుట్టిన కండె నాయనకు అందిస్తూ, ఇంకో చేత్తో పొయ్యిలో పుల్ల తోస్తూ, నన్ను పాఠం పైకి చదవమనేది. ఆ పాఠాలు ఆమె చదివినవి కాకపోయినా నేను తడబడితే తెలిసిపోయేది. "ఆడ మింగేసినావు, మళ్లా చెప్పు" అనేది. నేను ఉద్యోగ పరీక్ష రాయడానికి తిరుపతి వెళ్లిన రోజు, బస్సులో తినమని చింతపులుసన్నం పొట్లం కట్టిచ్చింది. ఉద్యోగం వచ్చిందని చెప్తే, "మా వోడు గవర్మెంటు మనిషి" అని వీధంతా చెప్పింది. ఆమె పెళ్లి కూడా ఆ ఊళ్లోనే, రెండు మరమగ్గాలున్న ఇంటికి. పిల్లలు లేరు. బావ నెమ్మదైన మనిషి, మగ్గం చప్పుడుకు అలవాటుపడి మాట తక్కువ.

కొర్రీ వేసిన నాలుగైదు నెలలకు అక్క కాళ్లు ఉబ్బాయి. ఎండకు నడిచి ఉంటుందిలే అనుకుంది. తరువాత మొహం ఉబ్బింది, అన్నం చూస్తే వాంతి. తిరుపతిలో పెద్ద డాక్టరు రిపోర్టులు చూసి, రెండు కిడ్నీలూ పోయాయని, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించకపోతే మనిషి దక్కదని చెప్పాడు. బావ "ఎన్నాళ్లు సార్?" అని అడిగాడు. "ఉన్నన్నాళ్లు" అన్నాడు డాక్టరు. బావ చేతిలోని సంచిని మడిచి మళ్లీ విప్పి మళ్లీ మడిచాడు.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు తిరుపతి. తెల్లారకముందే లేచి మొదటి బస్సు పట్టుకోవాలి. పుత్తూరు దాటి తిరుపతి చేరేసరికి రెండు గంటలు, అక్కడ నాలుగు గంటలు మంచం మీద, మళ్లీ రెండు గంటలు వెనక్కి. బావ వెళ్లిన రోజు మగ్గాలు ఆగేవి. ఒక్కోసారి నేను సెలవు పెట్టి చిత్తూరు నుంచి వెళ్లేవాణ్ని. అక్క ఎడమ చేతిలో సూదులు గుచ్చడానికి వీలుగా చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాన్ని ఉబ్బేట్టు చేశారు. అక్కడ వేలు పెడితే జుమ్మని అదిరేది. "పట్టి సూడు, నా చేతిలో మగ్గం ఆడతాండాది" అని మొదటి రోజుల్లో నవ్వేది. ఇంటికి తిరిగివచ్చేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. పిండి ఆరేసిన గుడ్డలాగా కిటికీకి ఆనుకుని పడి ఉండేది. రోజుకు ఇన్ని గ్లాసుల నీళ్లే తాగాలని కట్టడి. మామిడి కాలం వస్తే దావంతా కాయల లారీలే, పండ్లు ముట్టుకోకూడదని కట్టడి. ఆమె లారీల వైపు చూడకుండా చీర కొంగు మొహం మీద కప్పుకునేది.

ఆ బస్సులోనే ఇంకొక ఆమె వచ్చేది. మా ఊళ్లోనే బస్టాండు దగ్గర ఇడ్లీలు వేసి అమ్ముకునే మనిషి, ఆమెకూ అదే జబ్బు. అక్కా ఆమే ఒకరికొకరు సీటులో తువ్వాలు వేసి పెట్టుకునేవాళ్లు. ఎవరికి ఎన్ని కేజీల నీరు చేరిందో చెప్పుకుని, ఇద్దరిలో ఎవరు ఎక్కువ దొంగతనంగా నీళ్లు తాగారో కనిపెట్టి ఎక్కిరించుకునేవాళ్లు.

ఒకరోజు బస్టాండుకు పోయే దారిలో అక్కకు తల తిరిగితే, పక్కనే ఉన్న ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టాను. మా ఊరి చిన్న ఆసుపత్రి అదే. పక్క గది తలుపుకు తాళం ఉంది. కిటికీ అద్దంలోంచి చూస్తే లోపల ప్లాస్టిక్ కాగితం చుట్టిన యంత్రాలు, వరుసగా. ఒకదాని మీద పిల్లి పడుకుని ఉంది. నర్సమ్మకు అక్క జబ్బు సంగతి తెలుసు గనుక, ఒక గుక్కెడు మంచినీళ్లు మాత్రమే తెచ్చింది.

"అవేందమ్మా?" అని అడిగింది అక్క.

"నీకు చేసే మిషన్లేనక్కా. వచ్చి సానా రోజులాయె. నీళ్ల ప్లాంటు లేక అట్లే ఉండాయి. ఆ కాయితం చిత్తూరులో నిల్చిపోయిందంట. ఎవురో కొర్రీ వేసినారంట."

"ఎవరంట?" అన్నాను.

"ఎవురైతే ఏం సార్. వాళ్లింట్లో ఎవురికీ కిడ్నీలు పోయుండవు, అంతే" అంది నర్సమ్మ.

అక్క ఆమె ముందే నా వైపు తిరిగి, "ఏమప్పా, మీ ఆఫీసే కదా చిత్తూరు? లేసి ఆ కాయితం తీసి ఇచ్చేస్తే సరిపోదా?" అంది. ఎంత నమ్మకంగా అందో చెప్పలేను. వీధంతా చెప్పిన గవర్మెంటు మనిషిని కదా. "చూస్తాలేక్కా" అన్నాను. నిజానికి నాకు అప్పటికే తెలుసు. ముప్పై ఏళ్లలో వేల కొర్రీలు వేసినవాడికి ఏ ఒక్కటీ గుర్తుండదు, కానీ ఆ ఆరో రోజు తిన్న సమోసా రుచి నాలుక మీదికి వచ్చింది.

మర్నాడు ఆఫీసులో ఫైలు వెతికాను. కిందికి పోయేది నకలే గనుక, కొర్రీకి జవాబు రాని అసలు ఫైళ్లన్నీ గుడ్డ మూటలు కట్టి బీరువా వెనక పడేసి ఉన్నాయి, ఎందుకంటే ఈలోగా ఇంకొక సంస్కరణ వచ్చింది. ఇకమీదట కాగితం ఫైళ్లు ఉండవు, అన్నీ కంప్యూటరులోనే. పూర్తయిన ఫైళ్లను మాత్రమే కంప్యూటరులోకి ఎక్కించాలి, జవాబు రానివి జవాబు వచ్చేదాకా ఆగాలి. దుమ్ముకు తుమ్ముతూ మూడో మూట విప్పితే దొరికింది. చివరి కాగితం మీద నా దస్తూరీ. గుండ్రంగా, అందంగా. అక్క పక్కన కూర్చుని రాయించిన దస్తూరీ.

తీసి చించేస్తే పోయేది కదా అని మీరనవచ్చు. నాకూ అనిపించింది. కానీ కొర్రీ వేసినవాడు దాన్ని కొట్టేయడానికి వీల్లేదు, కింది నుంచి జవాబు రావాలి. ఈ నియమం గొప్పదనాన్ని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పింది కూడా నేనే. కాబట్టి జవాబు తెప్పిద్దామని బయలుదేరాను. అక్కకు డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటల్లో తిరుపతిలోనే ఆ ఇంజనీరును వెతికి పట్టుకున్నాను. మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నేనిప్పుడు ఈ జిల్లా మనిషినప్పా. ఆ కాయితం మీద సంతకం పెడితే రేపు నాకే మెమో వస్తాది. చెల్లుతాదో లేదో అని మీరే కదా అడిగినారు? చెల్లదనే నేనూ అంటాండా" అన్నాడు.

చిత్తూరులో కొత్తగా వేసిన ఇంజనీరు దగ్గరికి పోతే, "ఇంకొకరు వేసిన అంచనాకు నేనెట్ల పూచీ పడేది? కొత్తగా కొలతలు తియ్యాల" అన్నాడు. కొలతలు తీయడానికి మనిషి రావడానికి రెండు నెలలు. ఆ మనిషి టేపు పట్టుకుని కొలిచిన కొలతలు పాత కొలతలే. వాటిని కంప్యూటరులో ఎక్కించడానికి పాస్‌వర్డు రావడానికి ఇంకో నెల. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇన్నాళ్లూ గుళ్లో గంట మోగించిన పూజారిని నేనే, ఇప్పుడు గడప బయట నిలబడి దండాలు పెట్టే భక్తుణ్నీ నేనే. ప్రతి ఆఫీసులోనూ నాలాంటివాడు ఒకడు ఉన్నాడు. ప్రతివాడూ మర్యాదస్తుడే, ప్రతివాడి పేరు పక్కనా సున్నా ఉంది. నేను కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ, ఒకచోట అదీ చేశాను.

ఏడాది దాటాక ప్లాంటు వచ్చింది. పైపులు బిగించారు. యంత్రాల మీద ప్లాస్టిక్ విప్పారు, ఎలుకలు కొరికిన గొట్టాలు మార్చారు. ఇక వాటిని నడిపే టెక్నీషియన్ కావాలి. ఆ పోస్టు ఉత్తర్వు పై నుంచి రావాలి. రాలేదు. ఈలోపు అక్క సగమయింది. గాజులు మోచేతి దాకా జారేవి.

తిరుపతి నుంచి వస్తున్న ఒక మధ్యాహ్నం బస్సులో ఆమెకు చెప్పేశాను. బావ ఆ రోజు రాలేదు. వడమాలపేట దాటింది. ఎండ కిటికీలోంచి ఆమె ఒళ్లో పడుతోంది, నేను తువ్వాలు అడ్డం పట్టుకున్నాను. ఎందుకు ఆ రోజే చెప్పానో తెలియదు. బహుశా అంతకు కాసేపటి ముందు ఆమె, "నా కోసరం నువ్వు సానా తిరగతాండావు సామీ" అన్నందుకేమో. ఆ మాట మోయలేకపోయాను.

"అక్కా, ఆ కాయితం నిలబెట్టింది నేనే. కొర్రీ వేసింది నేనే" అన్నాను.

నేను విషయమంతా చెప్పాను, ఏడు రోజుల నియమం, ఆరో రోజు, సున్నా, చప్పట్లు. విన్నది. తరువాత నెమ్మదిగా అడిగింది.

"కాదబ్బోడా, మగ్గం మీద పోగు తెగితే మేమేం చేస్తాం? ముడేసి నడిపిస్తాం. ఆపేసి, ఈ పోగు ఏ ఊరిది, ఎవురు తెంపినారు అని కాయితం రాస్తామా?"

"లేదక్కా."

"నీకు ముడెయ్యడం నేర్పించింది నేనే కదరా. మర్సిపోయినావా?"

నాకు ఏడుపొచ్చింది. "నీకిట్ల అవతాదని నాకు తెలీదక్కా. నీకని తెలిసుంటే రాసుంటానా?" అన్నాను, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. వెనక సీటులో ఇడ్లీలమ్మే ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. అక్క తల తిప్పి ఆమెను చూసింది. చూసి అడిగింది.

"నాకు కాకుండా, దీనికొక్కదానికే వచ్చింటే? అప్పుడు ఈ ఏడుపు ఏడ్సిందువా?"

నేను జవాబు చెప్పలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు. పుత్తూరులో బస్సు ఆగినప్పుడు రవంత మంచినీళ్లు కావాలంది, మూతతో కొలిచి ఇచ్చాను. ఆ తరువాత కూడా ఆమె నాతో ఎప్పటిలాగే ఉంది. కోపం లేదు, దెప్పడం లేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఆ ఏడు కార్తీకం దాటాక వానలు పట్టాయి. సముద్రంలో వాయుగుండమని చెప్పారు, శ్రీహరికోట నుంచి మా దాకా మూడు రోజులు ఆగకుండా కురిసింది. వంకలు పొంగి రోడ్డు కోసుకుపోయింది, బస్సులు నిలిచిపోయాయి. అక్క ఒక డయాలసిస్ తప్పింది. ఇంకొకటి తప్పింది. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోయింది. బావ ఆమెను చేతుల మీద ఎత్తుకుని మా ఊరి ఆసుపత్రికే తీసుకుపోయాడు. రెండు వీధుల దూరం. గదిలో యంత్రాలు ఉన్నాయి, శుద్ధిచేసిన నీళ్లు ఉన్నాయి, కరెంటు ఉంది, నర్సమ్మ ఉంది. నడిపే మనిషి లేడు. నర్సమ్మ ఆక్సిజన్ పెట్టి, నాకు ఫోను చేసి ఏడ్చింది. ఎవరిదో ట్రాక్టరులో వంక దాటించి, అవతల అంబులెన్సు ఎక్కించి, తిరుపతి చేర్చారు. నేను చిత్తూరు నుంచి చుట్టు తిరిగి వెళ్లేసరికి ఆమె ఎడమ చెయ్యి పక్కకు వాలి ఉంది. ఆ ఉబ్బిన చోట వేలు పెట్టి చూశాను. మగ్గం ఆగిపోయింది.

చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అంటారు. అబద్ధం. చేసుకున్నవాణ్ని నేను, అనుభవించింది మా అక్క.

పెద్దకర్మ అయిన కొన్ని వారాలకు టెక్నీషియన్ ఉత్తర్వు వచ్చింది. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు, ఆ ఫోటోలు మా ఆఫీసు తెర మీద వేసి చప్పట్లు కొట్టారు. ఎవరెవరికి డయాలసిస్ చేయాలో ఆ జాబితా అంతకు ముందే ఖరారయింది, నేనే దగ్గరుండి ఎక్కించినది. దాంట్లో మూడో పేరు అక్కది. ఉన్న చోట్లు తక్కువ గనుక మిగిలినవాళ్లు ఎదురుచూసే జాబితాలో ఉన్నారు. దాంట్లో మొదటి పేరు ఇడ్లీలమ్మే ఆమెది. అక్క పేరు తీసేయమని నేనే దరఖాస్తు పెట్టి, మరణ ధ్రువపత్రం జతచేశాను.

ఆరు రోజుల తరువాత అది తిరిగి వచ్చింది. నా పక్క సీటులో పనిచేసే ఆమె వేసిన కొర్రీ, నేను పని నేర్పించిన మనిషి. "మరణ ధ్రువపత్రం వేరే జిల్లా నుంచి జారీ అయినందున, సదరు పత్రం చెల్లుబాటుపై స్పష్టత కోరవచ్చు." నా మాటలే, నేను నేర్పిన వరసే.

"మీ అక్కయ్యదని నేను సూడలేదన్నా, తప్పైపోయింది" అని ఆమె చేతులు పట్టుకుంది. పాపం, కళ్లు తడిశాయి. ఆమెను ఏమనగలను? నేను బస్సులో అన్నది ఆ మాటే.

ఆ వారం ఊరికి పోయాను. ఇడ్లీలమ్మే ఆమె ఇంకా తెల్లవారుజామున తిరుపతి బస్సే ఎక్కుతోందని బావ చెప్పాడు. "మూడో కుర్చీ ఖాళీగా ఉండాదంట. అక్క పేరు మీద ఉండాదంట. ఈయమ్మి కిటికీలోంచి సూసి పోతాండాది" అన్నాడు. అంతే అని మగ్గం వైపు తిరిగాడు.

నేను ఆసుపత్రికి నడిచాను. గోడకు అంటించిన జాబితా తీసి బల్ల మీద పెట్టాను. మూడో వరుసలో మా అక్క పేరు మీద ఒక అడ్డగీత గీశాను. గీత వంకరగా పోయింది. దాని పక్కన ఇడ్లీలమ్మే ఆమె పేరు రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాను.

కొత్తగా వచ్చిన టెక్నీషియన్ భయంగా, "ఆర్డరు ఉండాదా సార్?" అన్నాడు.

"ఇదే ఆర్డరు. అడిగితే నా పేరు చెప్పు" అన్నాను.

మర్నాడు ఆమె ఇంటి నుంచి నడిచివచ్చి ఆ కుర్చీలో పడుకుంది. అక్క కోసం వేసే అలవాటు పోలేదేమో, పక్కన తువ్వాలు పరిచిందట. నర్సమ్మ ఫోనులో చెప్పింది.

నాకు మెమో వచ్చింది. ఏ అధికారంతో ప్రభుత్వ జాబితాను చేతిరాతతో దిద్దారో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. మెమోలో ఆసుపత్రి పేరు ఒకచోట తప్పుపడింది. పాత కన్ను వెంటనే పట్టుకుంది, దాని మీద కొర్రీ వేస్తే ఇంకో మూడు నెలలు గడుస్తుంది. చూసి ఊరుకున్నాను.

ఆరు ప్రశ్నలున్నాయి. అయిదింటికి జవాబు రాశాను. అధికారం లేదు, ఉత్తర్వు లేదు, ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, తప్పని తెలుసు. ఆరో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. "మీ సర్వీసులో ఇంతకు ముందు ఎన్నడైనా ఇటువంటి చర్యకు పాల్పడ్డారా?"

బీరువా వెనక ఆ మూటలు ఇప్పటికీ ఉన్నాయి. నేను కూర్చున్న చోటి నుంచి కనిపిస్తాయి. వాటిలో నా దస్తూరీ ఉన్నవి ఎన్నో, అవి ఎవరి అక్కలకు సంబంధించినవో నాకు తెలియదు, అప్పుడు ఏడవలేదు కూడా. బస్సులో నేను చెప్పని జవాబు అదేనక్కా.

"లేదు, ఒక్కసారి కూడా లేదు" అని రాసి సంతకం పెట్టాను. తెగిన పోగుకు ముడేసింది ఈ ఒక్కసారే, నా సర్వీసులో నేను రాసిన అతి నిజమైన మాట అది. రాసి, ఆఫీసులో అందరూ చూస్తుండగా, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.